కీమో టైంలో కాళ్ళు ఒత్తొచ్చా అని అడిగేవాళ్ళ కోసం

మా తమ్ముడికి లుకేమియా, అంటే బ్లడ్ కేన్సర్, వచ్చిన దగ్గర్నుంచి చుట్టాల్లో ఎవరింట్లో ఇలాంటి కష్టం వచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తున్నారు, శ్రీకాకుళం నుంచి ఒకరు, నర్సీపట్నం నుంచి ఒకరు. మందుల గురించి పెద్దగా అడగరు, అవి డాక్టర్లు చెప్తారు కదా. చివర్లో ఫోన్ పెట్టేసే ముందు కాస్త మొహమాటపడుతూ అడుగుతారు, అమ్మా, పిల్లాడిని ముట్టుకోవచ్చా, కాళ్ళు ఒత్తొచ్చా, చేతుల్లోంచి శక్తి పంపిస్తారట, రేకీ అంటున్నారు, అది చేయిస్తే ఏమైనా పనిచేస్తుందా అని. ప్రతిసారీ ఫోన్లో సగం చెప్పి సగం మర్చిపోతున్నాను, అందుకే అంతా ఇక్కడ రాసి పెడుతున్నా.

ముట్టుకోండి. తప్పకుండా ముట్టుకోండి. కాకపోతే ఆ రోజు బ్లడ్ రిపోర్ట్ చూసుకుని ముట్టుకోండి.

కేన్సర్ అంటుకునే జబ్బు కాదు. కీమో మందు మాత్రం ఎక్కించాక రెండ్రోజుల పాటు యూరిన్‌లో, వాంతిలో కొంత బయటికొస్తుంది కాబట్టి అవి శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోవాలి, అంతేగానీ చెయ్యి పట్టుకుంటే మనకేం కాదు. ఇది తెలియక చాలా ఇళ్ళల్లో మనిషిని గదిలో పెట్టి గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడేసి వెళ్ళిపోతారు. పేషెంట్‌కి మన దగ్గర్నుంచి ఇన్ఫెక్షన్ వస్తుందన్న భయం నిజమైనదే, కానీ దానికి సబ్బుతో చేతులు కడుక్కోవడం, మాస్క్ పెట్టుకోవడం, జలుబూ దగ్గూ ఉన్నవాళ్ళు అసలు లోపలికి రాకపోవడం ఉన్నాయి.

మా వాడు ఒకరోజు సాయంత్రం అన్న మాట నేను మర్చిపోలేను. "అక్కా, పొద్దున్నుంచి నన్ను ముట్టుకున్నోళ్ళందరూ ఏదోటి పొడవడానికే ముట్టుకున్నారు. నువ్వు ఊరికే కాళ్ళట్టుకుని కూకో." అది అక్షరాలా నిజం, తెల్లారగానే శాంపిల్ తీయడానికొకరు, బీపీ పట్టీ చుట్టడానికొకరు, సెలైన్ ఎక్కించే క్యాన్యులా మార్చడానికొకరు, మధ్యలో నడుము ఎముకలోంచి మూలుగు తీసే బోన్ మ్యారో టెస్ట్. వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు, వాళ్ళనేం అనను. కానీ అన్నేసి చేతులు తగిలిన ఒంటికి నొప్పి పెట్టని చెయ్యి ఒక్కటి కూడా లేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక ఎలా చేయాలంటే, చేసేది చాలా తక్కువ. మంచం చివర స్టూల్ వేసుకుని, చేతులు కడుక్కుని బాగా తుడుచుకుని, ఉంగరాలు గాజులు తీసేసి, రెండు చేతులూ ముందు పాదాల మీద ఊరికే ఆనించి ఉంచేదాన్ని. వాడు కాళ్ళు బిగబట్టడం మానేసి మడమలు పరుపు మీదకి వదిలేశాక అప్పుడు అరచెయ్యి మొత్తం ఆనించి చీలమండ నుంచి వేళ్ళ దాకా నెమ్మదిగా నిమరడం, అంతే. బొటనవేలితో గుచ్చడాలు, వేళ్ళు లాగి మెటికలు విరవడాలు ఏం లేవు. బరువు ఎంతంటే చంటిపిల్లని జోకొట్టేటప్పుడు చెయ్యి ఎంత బరువుంటుందో అంత. కాసేపటికి ఊపిరి తీసుకునే తీరు మారుతుంది, అది మనకి తెలుస్తుంది.

అంత మెల్లగా ఎందుకంటే కారణం ప్లేట్లెట్స్, అంటే రక్తం కారిపోకుండా గడ్డకట్టించే కణాలు. మామూలు మనిషికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి, లుకేమియాలో జబ్బు వల్లా, కీమో వల్లా కూడా అవి పడిపోతాయి, 10 వేల కిందకి వెళ్తే రక్తం కారకపోయినా ప్లేట్లెట్స్ ఎక్కిస్తారు. 50 వేల కన్నా తక్కువున్నప్పుడు గట్టిగా ఒత్తితే లోపల రక్తం చేరి కమిలిపోతుంది. మా వార్డు సిస్టర్ ఒకావిడ పొద్దున్నే వచ్చి "అమ్మా, ఈరోజు 18 వేలే ఉన్నాయి, నొక్కకండి, చెయ్యి వేసి ఉంచండి చాలు" అనేవారు. ఆవిడ వల్లే రిపోర్ట్ చూసి చెయ్యి వేయడం నాకు అలవాటైంది. చర్మం మీద ఆవగింజంత ఎర్ర చుక్కలు కొత్తగా కనిపించాయంటే ఆ రోజు ఒత్తడం మాట మర్చిపోయి ముందు సిస్టర్‌కి చూపించండి.

ఇంకొన్ని ఉన్నాయి, వరసగా చెప్పేస్తా. పిక్ లైన్, అంటే మందులెక్కించడానికి చేతి నరంలోంచి లోపలికి పెట్టే సన్నటి గొట్టం, ఉన్న చెయ్యి జోలికి వెళ్ళొద్దు. బోన్ మ్యారో తీసిన నడుము దగ్గర ముట్టుకోవద్దు. ఒక కాలు వాచి వేడిగా నొప్పిగా ఉంటే అస్సలు ఒత్తొద్దు, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకొస్తుంది. జ్వరం 100.4 దాటితే, ముఖ్యంగా ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి 500 కన్నా తక్కువున్న రోజుల్లో, ఇంట్లో ఉంటే అర్ధరాత్రైనా ఆటో ఎక్కి ఆస్పత్రికి పోవాల్సిందే, తెల్లారనిద్దాం అనుకోకూడదు.

నూనె సంగతి మా అమ్మతో పెద్ద గొడవ. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి ఒళ్ళంతా పట్టిస్తే పిల్లాడు కోలుకుంటాడని ఆవిడ నమ్మకం, చిన్నప్పుడు అలాగే పెంచింది మరి. కానీ మన వైజాగ్ ఉక్కపోతలో నూనె రాసి వదిలేస్తే చెమటకి సెగ్గడ్డలు లేస్తాయి, మామూలుగా అదేం పెద్ద విషయం కాదు, తెల్లకణాలు లేని ఒంటికి మాత్రం చిన్న గడ్డే పెద్ద ఇన్ఫెక్షన్ అవుతుంది. పైగా కీమో టైంలో ఏ వాసనకి కడుపులో తిప్పుతుందో చెప్పలేం. డాక్టర్‌ని అడిగి వాసన లేని మాయిశ్చరైజర్ కొత్త ట్యూబ్ తెచ్చుకున్నాం, అమ్మ అదే రాసేది.

విన్‌క్రిస్టిన్ అని ఒక ఇంజక్షన్ ఉంటుంది, మా వాడికొచ్చిన ఏఎల్ఎల్ అనే లుకేమియా రకంలో అది తప్పనిసరిగా ఇస్తారు, దాంతో నరాలు దెబ్బతిని వేళ్ళ చివర్లు తిమ్మిర్లు, మంటలు. ఆ రోజుల్లో నిమిరినా ఓర్చుకోలేకపోయేవాడు, దుప్పటి తగిలినా విసుక్కునేవాడు, అలాంటప్పుడు కాళ్ళు వదిలేసి భుజం మీద చెయ్యి వేసి కూర్చునేదాన్ని. ఎప్పుడైనా ముందు అడగండి, వద్దంటే మీరు నొచ్చుకోకండి.

ఇదంతా మన సెంటిమెంటేనా, ఏమైనా ఆధారం ఉందా అని మా బావగారు అడిగారు, ఆయన అడగడం న్యాయమే. చర్మంలో నెమ్మదిగా నిమిరితే స్పందించే నరాలు వేరేగా ఉన్నాయి, సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి బాగా పనిచేస్తాయి, హడావిడిగా రుద్దితే అంతగా స్పందించవు. న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ అనే పెద్ద కేన్సర్ ఆస్పత్రి వాళ్ళు 1290 మంది పేషెంట్ల వివరాలు 2004లో పబ్లిష్ చేశారు, మామూలు మసాజ్, తేలికపాటి స్పర్శ, పాదాల మసాజ్, వీటిల్లో ఏది చేసినా నొప్పి, అలసట, ఆందోళన, వికారం లాంటివి ఆ పూటకి దాదాపు సగం తగ్గాయని అందులో ఉంది. అయితే మసాజ్ చేయని వాళ్ళని పక్కన పెట్టి పోల్చిన స్టడీ కాదది, కాబట్టి ఆ సగంలో మసాజ్ వల్ల ఎంత, విశ్రాంతి వల్ల ఎంత అని దాన్ని బట్టి తేల్చలేం. నాకైతే ఆ పూటకి తగ్గినా చాలు, కీమోలో ఒక్కో పూట గడవడమే కష్టం.

రేకీ దగ్గర మాత్రం నేను కచ్చితంగా మాట్లాడతా. జపాన్‌లో మికావో ఉసుయి 1922లో మొదలుపెట్టిన పద్ధతి అది, చేతుల్లోంచి శక్తి వెళ్తుందంటారు. మా దగ్గరికీ ఒకాయన వచ్చాడు, చేతులు ఒంటికి పైన గాల్లో ఉంచి రక్తం శుద్ధి చేస్తానని, కౌంట్ పెరుగుతుందని, కీమో మధ్యలో ఆపినా పర్లేదని అన్నాడు. ఆ చివరి మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది, మర్యాదగానే పంపించేశాను. ఇలాగే గాల్లో చేతులు తిప్పే థెరప్యూటిక్ టచ్ అని అమెరికాలో ఒకటి ఉంది, ఎమిలీ రోసా అనే తొమ్మిదేళ్ళ పాప దాన్ని పరీక్షించింది, మధ్యలో అడ్డు పెట్టి ఆ థెరపిస్టుల ఏ చేతి దగ్గర తన చెయ్యి ఉందో చెప్పమంటే 21 మంది కలిపి 44 శాతమే సరిగ్గా చెప్పారు, గుడ్డిగా చెప్పినా సగం కరెక్ట్ అవ్వాలి కదా. 1998లో అది జామా అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది. రేకీ చేయించుకుంటే మనసు కుదుటపడుతుంది అనేవాళ్ళని నేను కాదనను, పేషెంట్‌కి ఇష్టమైతే, డాక్టర్‌కి చెప్పి, మందులు ఒక్క పూట కూడా ఆపకుండా చేయించుకోండి. లుకేమియా తగ్గించేది మాత్రం ఆస్పత్రి వైద్యమే, వైజాగ్‌లో అగనంపూడి హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రిలో చేయించినా, కేజీహెచ్ పెద్దాసుపత్రిలో చేయించినా, ఇంకెక్కడ చేయించినా.

ఇంకోటి, పాలియేటివ్ కేర్ అనగానే ఆఖరి రోజులనుకుని భయపడకండి, నొప్పీ వికారం నిద్రలేమీ చూసే విభాగం అది, కీమో మొదటి విడత నుంచే అడగొచ్చు. రౌండ్స్‌కి వచ్చినప్పుడు డాక్టర్‌ని మూడు ముక్కలు అడగండి, ఈరోజు ప్లేట్లెట్స్ ఎంత, కాళ్ళు నిమరొచ్చా, ఏ వైపు ముట్టుకోకూడదు అని. మా డాక్టర్ గారు మొదటిసారి అడిగినప్పుడు ఆశ్చర్యపోయారు, తర్వాత్నుంచి నేను అడక్కముందే ఆయనే చెప్పేవారు.