మా కలబంద క్రీమ్, మూడు ల్యాబ్ రిపోర్టులు

నిన్న సాయంత్రం మూడోసారి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. పాస్. ఈ ఒక్క మాట కోసం తొమ్మిది నెలలు పట్టింది, కాబట్టి కాస్త గొప్పలు పోయినా భరించండి.

మాది మూడు తరాల వ్యవసాయం. నువ్వులు, ఆముదాలు, గట్ల మీద కలబంద. నాయనమ్మ ఆముదంలో తేనెమైనం కరిగించి పగిలిన మడమలకు రాసుకునేది. ఆ డబ్బా చూసే నాకు ఈ వ్యాపారం ఆలోచన వచ్చింది. మైనం లేపనం చేయడం చాలా తేలిక. నాలుగు పాళ్ల నూనెకు ఒక పాలు మైనం కరిగించి డబ్బాల్లో పోయడమే. అందులో నీళ్లుండవు కాబట్టి బూజు బెడద లేదు. సబ్బుకు లెక్క వస్తే చాలు. కిలో కొబ్బరినూనెకు కాస్టిక్ సోడా సుమారు 180 గ్రాములు పడితే, నువ్వుల నూనెకు 135 గ్రాముల లోపే సరిపోతుంది. 5 శాతం నూనె మిగిలేలా సోడా తగ్గించి వేశాను, ఆరు వారాలు ఆరబెట్టాను. సోడానే నీళ్లలో వేయాలి, నీళ్లు సోడాలో పోయకూడదు. ఈ ఒక్కటి మరిచిపోకండి.

నా పరువు పోయింది క్రీమ్ దగ్గర.

పొద్దున కోసిన కలబంద, మా గానుగ నువ్వుల నూనె, రెండూ కలిసి ఉండటానికి ఎమల్సిఫయింగ్ వ్యాక్స్. విటమిన్ ఈ చుక్కలు వేస్తే ఇంకేమీ అక్కర్లేదని వీడియోల్లో చెబితే నమ్మేశాను. పరీక్షకు పంపకముందే 'ప్రిజర్వేటివ్ లేదు' అని వెయ్యి లేబుళ్లు ప్రింట్ చేయించాను కూడా. క్రీమ్ మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది, వాసన కూడా బాగుంది. రిపోర్టు తీసుకునే రోజు నాన్నను వెంట తీసుకెళ్లాను, ఆయన కూడా చూసి మురిసిపోతారని.

గ్రాము క్రీమ్‌లో సూక్ష్మజీవుల లెక్క 1000 దాటకూడదు. కళ్ల చుట్టూ రాసేవాటికి, మూడేళ్ల లోపు పిల్లలవాటికి 100. మా కాగితంలో అంకే లేదు. 'లెక్కపెట్టలేనన్ని' అని ఉంది. ల్యాబ్ ఆయన కళ్లజోడు పైకి జరిపి, "ఇది ముఖానికా అమ్మా, మొక్కలకా?" అన్నాడు. పక్క కౌంటర్‌లో ఉన్నవాళ్లు నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. గేటు దగ్గర బండి ఆపి, "మన పొలంలో తప్పేముందమ్మా?" అని అడిగారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

తప్పు ల్యాబ్‌దే అనుకున్నాను. వాళ్ల సీసాలే శుభ్రంగా లేవని అందరికీ చెప్పాను. రెండోసారి కలబంద గుజ్జును వేడి చేశాను, డబ్బాలు మరిగించాను. ఈసారి లెక్క బాగానే వచ్చింది. గెలిచాననుకున్నాను. కానీ చాలెంజ్ టెస్ట్ అని ఇంకోటి ఉంది. క్రీమ్‌లోకి వాళ్లే సూక్ష్మజీవుల్ని ఎక్కించి 28 రోజులు చూస్తారు. స్టాఫిలోకాకస్, సూడోమోనాస్, ఈ.కోలై అనే బ్యాక్టీరియాలు, వీటికి తోడు ఒక ఈస్ట్, ఒక బూజు. మా క్రీమ్‌లో బూజు హాయిగా పెరిగింది. "వేడి చేస్తే ఉన్నవి చస్తాయమ్మా, రేపు వేలు పెడితే వచ్చేవి చస్తాయా?" అన్నాడు అదే మనిషి. ఆయనంటే నాకు ఇప్పటికీ పడదు. కానీ ఆ మాట నిజం. కలబంద గుజ్జులో 98 శాతం పైనే నీళ్లు, మిగతాదాంట్లో చక్కెరలు. బూజుకు ఇంతకన్నా ఏం కావాలి? విటమిన్ ఈ నూనె ముక్కిపోకుండా ఆపుతుంది, అంతే. ఆ వీడియోలు చేసేవాళ్లు తమ క్రీమ్‌ను ఒక్కసారైనా పరీక్షకు ఇచ్చారా అని నా అనుమానం.

అయినా ప్రిజర్వేటివ్ వేయడానికి మనసు ఒప్పలేదు. సహజం అని ఊరంతా చెప్పుకున్నాక ఎలా వేస్తాం? ఈ ముడి విప్పింది నాన్నే. "విత్తనాలకు బూడిద కలిపి దాచేవాళ్లం కదా, అదేమిటి మరి?" అన్నారు.

మూడోసారి సోడియం బెంజోయేట్, పొటాషియం సోర్బేట్ అనే ప్రిజర్వేటివ్‌లు వేశాను. ఆమ్లగుణం ఉంటేనే ఇవి పనిచేస్తాయి కాబట్టి లాక్టిక్ యాసిడ్‌తో పీహెచ్ 5 కిందికి దించాను. పీహెచ్ పేపర్ ముక్కలతో కొలవకండి, మీటర్ కొనండి.

మధ్యలో ఇంకో తలనొప్పి, ఆ ఎమల్సిఫయింగ్ వ్యాక్స్. కలబంద, నూనె మా పొలానివే, ఇది ఎక్కడిదని సరఫరాదారుని అడిగాను. మూడు మెయిళ్ల తర్వాత "వెజిటబుల్" అని ఒక్క ముక్క జవాబు. అసలు సంగతి, పామాయిల్. పామాయిల్‌ను అడవులకు చేటు లేకుండా తీశారని ధ్రువీకరించే ఆర్‌ఎస్‌పీఓ అనే సంస్థ సర్టిఫికెట్ ఉందని గొప్పగా పంపారు. చూస్తే అది మాస్ బ్యాలెన్స్ రకం. అంటే సర్టిఫై అయిన నూనె, కానిది ఒకే ట్యాంకులో కలిసిపోతాయి, లెక్కలు మాత్రం కాగితం మీద సరిపోతాయి. నేను సర్టిఫై అయిన నూనెను విడిగా ఉంచే సెగ్రిగేటెడ్ రకమే కొన్నాను, ఖర్చు ఎక్కువైనా. అడవులు నరికి తీసిన నూనెతో 'సహజం' అని అమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇలా బయటివాళ్లను నిలదీస్తున్న రోజుల్లోనే, మా కలబంద కోసే ఆవిడ చేతులు చూపించింది. కోసిన చోట కారే పసుపు జిగురుకు మంట, దురద. ఇన్నాళ్లూ నాకు పట్టనే లేదు. ఇప్పుడు గ్లవుజులు ఇచ్చాం. ఆ జిగురంతా కారిపోయేదాకా ఆకుల్ని నిలబెట్టే ఉంచుతున్నాం, క్రీమ్‌లోకీ అది రాకూడదు కదా.

కొత్త లేబుళ్లు రేపు వస్తాయి. 'ప్రిజర్వేటివ్ లేదు' అన్న పాత వెయ్యి లేబుళ్లను నాన్న పారేయనివ్వలేదు. వెనకవైపు విత్తనాల పేర్లు రాసి డబ్బాలకు అంటిస్తున్నారు.