కోకో గింజ ధరలో రైతు వాటా

పశ్చిమ గోదావరి కొబ్బరి తోటల నీడలో అంతరపంటగా పెరిగే కోకో కాయను పగలగొట్టి, తెల్లటి గుజ్జు అంటుకున్న గింజలను చేత్తో ఊడదీసి, అయిదారు రోజులు పులియబెట్టి, ఎండలో ఆరబెట్టే రైతును చూసిన ప్రతిసారీ, ఆ శ్రమకు కట్టే ధరకు ఆధారం ఎక్కడో ఉన్న లండన్, న్యూయార్క్ మార్కెట్లేనన్న సంగతి నన్ను కలచివేస్తుంది. ప్రపంచపు కోకోలో సగానికి పైగా పండించే ఐవరీకోస్ట్, ఘనా దేశాలు 2019లో ఒక్కటై, టన్నుకు 400 డాలర్లు అదనంగా చెల్లించాలని కొనుగోలుదారులకు షరతు పెట్టాయి. అయితే, ఆ దేశాల గింజల నాణ్యతకు విడిగా దక్కే ప్రీమియం తగ్గిపోవడంతో ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. 2020 తర్వాత అడవిని నరికిన నేలలో పండిన కోకోను నిషేధిస్తూ 2023లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన చట్టం అవసరమే. కానీ ప్రతి తోటనూ గుర్తించి నమోదు చేసే ఖర్చును చిన్న రైతు నెత్తిన వేయకుండా కొనేవారే భరించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.