ఐ-94లోని తేదీ దాటిన తర్వాత

సందర్శకురాలిగా అమెరికా వచ్చిన నేను, వీసాకు ఇంకా ఏళ్ల గడువు ఉంది కదా అన్న ధీమాతో దేశంలోకి అడుగుపెట్టినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు ఐ-94ను తెరిచి చూడనే లేదు. ఎంతకాలం ఉండవచ్చో చెప్పేది వీసా కాదు, ఐ-94లోని తేదీయేనని తెలిసేసరికి ఆ తేదీ దాటి ఏడు నెలలైంది. ఈలోగా ఇక్కడి పౌరుడితో నా పెళ్లి జరిగింది.

"ఒకసారి ఇంటికి వెళ్లి, కొత్త వీసాతో రా" అని ఒక స్నేహితురాలు ప్రేమగా చెప్పింది. ఆ మాట విని ఉంటే మునిగేదాన్ని. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి దేశం విడిచినవారికి మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించితే పదేళ్లు తిరిగి ప్రవేశం ఉండదు. అధికారి తనిఖీ చేసి అనుమతించగా ప్రవేశించిన వ్యక్తి పౌరుడిని పెళ్లాడితే, గడువు మీరడం ఒక్కటే గ్రీన్‌కార్డుకు అడ్డు కాదు. అయితే పెళ్లి ఉద్దేశాన్ని దాచి సందర్శకురాలినని చెప్పి వచ్చినట్టు తేలితే అది వేరే, పెద్ద చిక్కు.

భార్యగా నా కోసం భర్త వేసే ఐ-130 పిటిషన్‌ను, గ్రీన్‌కార్డు కోసం నేను వేసే ఐ-485 దరఖాస్తును కలిపి పంపాము. ఇంటర్వ్యూలో అధికారి మా ఫొటోల ఆల్బమ్‌ను చకచకా తిప్పేసి, నా పేరు తప్పుగా అచ్చయిన ఉమ్మడి కరెంటు బిల్లు దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు. పెళ్లై రెండేళ్లు నిండలేదు కనుక రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డే ఇచ్చారు. దాని గడువు ముగియడానికి ముందున్న 90 రోజుల్లో, ఆ షరతులు తొలగించమని కోరే ఐ-751 దాఖలు చేయాలి. ఈసారి ఆ తేదీని క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాసుకున్నాను.