ఇసుక మీద గుడి, ఇద్దరు ఎల్డర్లు

కాజీపేట స్టేషన్‌లో పొద్దున ఆరున్నరకి దిగాడు. మిషన్ అయిపోయి రెండు నెలలైనా అదే తెల్లచొక్కా, టై ఒక్కటే లేదు. నేను మెట్ల దగ్గర్నుంచే "ఎల్డర్!" అని అరిస్తే పల్లీలమ్మే ఆయన కూడా తిరిగి చూశాడు. నాలుగున్నర నెలలు ఒకే గదిలో పడుకుని ఒకే కుక్కర్లో వండుకు తిన్న మనిషిని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు నేను. పేరు తెలుసు, కానీ నోరు రాదు. మా సంఘంలో మిషనరీ అబ్బాయిలందరూ ఎల్డర్లే, అంటే పెద్దలు. మీసం సరిగ్గా రాని పెద్దలు.

మేం మోర్మన్లం. అసలు పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము'. 2018 నుంచి మా సంఘ నాయకులు పూర్తి పేరే వాడమంటున్నారు, నిజమే, కానీ బస్సులో పక్క సీటాయనకి అంత పేరు చెప్పేలోపు ఆయన స్టేజీ వచ్చేస్తుంది. మిషన్ అంటే ఇంటికి దూరంగా ఉండి మతప్రచారం చేయడం, అబ్బాయిలకి 24 నెలలు, అమ్మాయిలకి 18. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి, ఎప్పుడూ ఇద్దరిద్దరుగా ఉండాలి, పొద్దున ఆరున్నరకి లేచి రాత్రి పదిన్నరకి లైటు ఆర్పాలి, ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ల టెన్షన్. నన్ను విశాఖపట్నం వేశారు. అక్కడ నా జోడీ, మా మాటల్లో కంపానియన్, ఇతనే. సొంతూరు రాజమండ్రి.

నేను తొమ్మిది నెలలకే ఇంటికొచ్చేశాను.

ఒక కుటుంబానికి మూడు నెలలు పాఠాలు చెప్పాం, బాప్తిస్మానికి తేదీ కూడా పెట్టుకున్నారు. రెండు రోజుల ముందు ఫోన్ చేసి "వద్దులే బాబూ, మావాళ్లు ఒప్పుకోట్లేదు" అన్నారు. అదే వారం నాకు జ్వరం. టైఫాయిడ్, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది, పదకొండు కిలోలు తగ్గాను. మిషన్ ప్రెసిడెంట్ మంచిగానే మాట్లాడాడు, వెళ్లి కోలుకో, డాక్టర్ సరేనంటే మళ్లీ రావచ్చు అన్నాడు. ఆ మాటలో 'వెళ్లి' ఒక్కటే వినపడింది నాకు.

హనుమకొండలో మా ఇంట్లో సంఘంలో ఉన్నది నేనొక్కణ్నే. హైదరాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు చేరాను. మా అమ్మ ప్రతి రెండేళ్లకీ మేడారం పోయే మనిషి, నా జ్వరం సంగతి తెలియగానే సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కేసింది, అంటే నా బరువుకి సరిపడా బెల్లం. నేను దిగిన రోజు నన్ను కింద నుంచి పైకి చూసి "ఇట్లయితే బెల్లం గూడ తక్కువే పడుతదిరా" అంది. అమ్మ నవ్వించడానికే అంది. వీధివాళ్లు మాత్రం "రెండేండ్లన్నవ్ గద, గప్పుడే వచ్చినవేంది?" అని పాల ప్యాకెట్ తేవడానికి వెళ్లినా అడిగేవాళ్లు. ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పి, ఎవరికేం చెప్పానో గుర్తులేక చివరికి పాలు తేవడమే మానేశాను.

అందుకే ఇతను వస్తానన్నప్పుడు ఇంట్లో కూర్చోబెట్టకుండా రామప్పకి తీసుకుపోదాం అనుకున్నా.

అమ్మ సర్వపిండి పెట్టి చాయ్ గ్లాసు ముందు పెట్టింది. "టీ తాగనమ్మా, ఏమనుకోకండి" అన్నాడతను, గోదావరి మర్యాదతో. మాకు టీ, కాఫీ నిషిద్ధం. అమ్మ నావైపు చూసి "నీ తీర్గనే ఉన్నడు ఈ పిలగాడు గూడ" అని ఆ గ్లాసు తనే తాగేసింది.

హనుమకొండ బస్టాండులో ములుగు బస్సు కిక్కిరిసి ఉంది. ఉచిత ప్రయాణం వచ్చాక ఈ రూట్లో సీటు దొరకడం అదృష్టమే, ఆడవాళ్లు హాయిగా వెళ్తున్నారు, మగవాళ్లం నిలబడటం నేర్చుకుంటున్నాం. అతని చొక్కా చూసి ఒక పెద్దమ్మ "మందుల కంపెనోళ్లా బిడ్డా?" అని అడిగింది. విశాఖలోనూ మమ్మల్ని చాలామంది మెడికల్ రెప్పులనే అనుకునేవాళ్లు. ఒకాయనైతే బీపీ బిళ్లలు శాంపిల్ ఇమ్మన్నాడు. అది గుర్తొచ్చి ఇద్దరం రాడ్డు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాం, నిజం చెప్పాలంటే ఇంటికొచ్చాక అంత నవ్వడం అదే మొదటిసారి. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర దిగి, ఆటోలో పాలంపేట.

రామప్ప గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది, గోపురం ఇటుకలు నీళ్ల మీద తేలతాయి. ఎర్రటి ఇసుకరాయి గుడికి నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు. అందులో ఒకామె ఎత్తు మడమల చెప్పులు వేసుకుని ఉంటుంది, అతను ఆమెను మూడుసార్లు ఫొటో తీశాడు. చెప్పులు విప్పి లోపల నడుస్తుంటే చల్లటి రాయి, పైగా నేల సమంగా లేదు, ఒకచోట అడుగు దిగుతుంది, ఇంకోచోట లేస్తుంది. అక్కడే గైడ్ చెప్పాడు. పునాది గొయ్యి తవ్వి ఇసుక నింపారట, బెల్లం, కరక్కాయ వగైరా కలిపి. "భూమి అదిరితే ఇసుక సర్దుకుంటది సార్. నేల చూడుండ్రి ఎట్ల వంకరైందో. గుడి మాత్రం పడలే."

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మోర్మన్ గ్రంథంలో హీలమన్ 5:12 మాకు కంఠతా వచ్చు, విమోచకుడనే బండ మీదే పునాది వేసుకోవాలని. మత్తయి సువార్తలో ఇసుక మీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుడి కథ సరేసరి. ఆ విశాఖ కుటుంబంలోని పిల్లలకు ఈ పాఠం చెప్పడానికి స్టీలు పళ్లెంలో ఇసుక పోసి, దాని మీద అగ్గిపెట్టె నిలబెట్టి, చెంబుతో నీళ్లు పోసి చూపించాం. అగ్గిపెట్టె పడగానే చిన్నోడు చప్పట్లు కొట్టాడు.

"ఎల్డర్, మనం బెల్లం కలపలేదండి" అన్నాడతను మెల్లగా.

గైడ్‌కి ఏమీ అర్థం కాలేదు పాపం. నేను స్తంభానికి ఆనుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వాను, నవ్వు ఆగాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాను. అతను అటు తిరిగి నంది చెవుల ఫొటోలు తీస్తున్నట్టు నటించాడు. మంచి కంపానియన్ అంటే అదే.

రామప్ప చెరువు కట్ట మీద కూర్చుని డబ్బా విప్పాం. అప్పుడు అతను ఫోన్ తీసి ఒక వాయిస్ మెసేజ్ వినిపించాడు. ఆ విశాఖ కుటుంబంలోని మామ్మది. పాఠాలు చెప్పినన్నాళ్లూ గోడకానుకుని నిద్రపోయేది, మా లెక్కలో ఆ ఇంట్లో బెంచీ ఎంతో ఆమే అంతే. "ఆ వరంగల్ బాబుకి జొరం తగ్గిందేటి? ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లెగిసిపోనాడు. ఈపాలి వస్తే మెత్తగా వండమంటాను కోడల్ని." అంతే మెసేజ్. వాళ్లు సంఘంలో చేరలేదు, చేరతారని కూడా ఎవరూ అనలేదు. నేను దాన్ని నాలుగుసార్లు విన్నాను. ఆ రోజు సగంలో లేచానని నాకే గుర్తులేదు.

తిరుగు బస్సులో సీటు దొరికింది, ఇద్దరం నిద్రపోయాం.

రాత్రి రైలుకి బయల్దేరుతుంటే అమ్మ సకినాలు డబ్బాకెత్తి అతని సంచిలో కుక్కింది. గడప దగ్గర ఆగి, నన్ను కాకుండా అతన్నే అడిగింది. "మావోడు మళ్ల ఎప్పుడు వోతడట?"

ఎందుకొచ్చాడని ఇన్నాళ్లూ అందరూ అడిగారు. ఎప్పుడు పోతాడని ఎవరూ అడగలేదు.

అతను నావైపు చూశాడు. "ఫిబ్రవరిలో డాక్టర్ రమ్మన్నాడమ్మా, రక్తపరీక్షకి" అన్నాను.

"గట్లయితే అప్పటిదాంక మంచిగ తిను" అని లోపలికి పోయింది.