పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడటానికి బద్ధకమా, పచ్చిపులుసు చేసుకోండి

నవలలు రాసే మనిషి వంటల పుస్తకం రాస్తే తక్కువగా చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గానీ, మాలతీ చందూర్ ఆ రెండూ దర్జాగా చేశారు. నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడిన ఆవిడ ఒకపక్క ‘హృదయనేత్రి’ నవలకు 1992లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు, ఇంకోపక్క ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షిక ఏళ్ల తరబడి నడిపారు, ‘వంటలు-పిండివంటలు’ పుస్తకమైతే మళ్లీ మళ్లీ ముద్రణకెళ్లింది. నన్నడిగితే వంట గురించి రాయడమే కష్టం. ‘ఉప్పు తగినంత’ అని రాసి తప్పించుకోవచ్చు, ఆ తగినంత ఎంతో తెలియకే కదా కొత్తవాళ్లు పుస్తకం తెరిచేది!

అందుకే పచ్చిపులుసు ఎలా చేయాలో నేను కొలతలతో చెప్తాను. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిండి, అర లీటరు నీళ్లు కలపండి. రెండు పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ముప్పావు చెంచా ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి చేత్తో గట్టిగా నలపండి (మిక్సీ వద్దు, ఉల్లిపాయ కరకరలాడాలి). అది పులుసులో వేసి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెడితే అయిపోయింది. తెలంగాణలో వేయించిన నువ్వుల పొడి కూడా కలుపుతారు, నాకు అదే ఇష్టం. పక్కన ముద్దపప్పు, వేడన్నం, నెయ్యి. రాత్రి హాస్టల్ నుంచి పిల్లలొచ్చినా టెన్షన్ ఉండదు.