చిటికెన పుల్ల పట్టు

నలభై ఏడేళ్ల వయసులో జాకెట్టు హుక్కు పెట్టమని కూతురిని పిలవాల్సి వచ్చింది. మాది హన్మకొండ. ధర్మసాగర్ వైపు ఒక ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతాను. పొద్దున లేచేసరికి రెండు చేతుల వేళ్లూ ముడుచుకునేవి కావు. గంట, గంటన్నర గడిస్తే గానీ సుద్దముక్క పట్టు చిక్కేది కాదు. సాయంత్రానికి మామూలు మనిషినయ్యేదాన్ని. రాత్రి డప్పు వాయించే మనిషికి పొద్దున పాలగిన్నె దించడం చేతకాదంటే ఇంట్లోవాళ్లు మాత్రం ఎలా నమ్ముతారు?

డప్పు సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న పరకాల దగ్గర పల్లెలో డప్పు వాయించేవాడు. పెళ్లికైనా, చావుకైనా, జాతరకైనా పిలుపు వస్తే వెళ్లడమే తప్ప రానని చెప్పే వీలు ఆయనకు లేదు. మమ్మల్ని మాత్రం దాన్ని ముట్టుకోనివ్వలేదు, చదువుకోమన్నాడు. చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. అప్పుడు వెళ్లి మా బాబాయి దగ్గర నేర్చుకున్నాను. నాన్నకు తప్పనిసరి అయింది నాకు సరదా అయింది. దాని మీద వేరేగా రాయాల్సింది చాలా ఉంది.

కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండే కర్ర, దాన్ని సిర్ర అంటారు. ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా ఉండే చిటికెన పుల్ల. సిర్రతో ఇబ్బంది లేదు, పిడికిలి బిగిస్తే చాలు. పేచీ అంతా చిటికెన పుల్లతోనే. ఎడమచేయి చట్రం అంచుకు ఆని డప్పును నిలబెట్టాలి, అదే చేతి వేళ్ల మధ్య పుల్ల ఆడాలి. బరువు మోసేదీ సన్నపని చేసేదీ ఒకే చెయ్యి. నాకు వాచినవి సరిగ్గా ఆ పుల్ల ఆనే చోట ఉన్న కణుపులు. ఇంకేముంది, నేరం డప్పు మీద పడింది.

"ఈ వయసులో ఆ దరువులెందుకమ్మా" అన్నారు అత్తమ్మ. వదిన వావిలాకు నీళ్లు కాచింది, ఆముదం రాసి జిల్లేడాకు కట్టింది, వాతమని బంగాళాదుంప మాన్పించింది. వావిలాకు నీళ్లలో చేతులు పెడితే నిజంగానే హాయిగా ఉండేది, పెట్టినంతసేపు. 2005-06లో చికున్‌గున్యా వచ్చి ఊళ్లకు ఊళ్లు మంచం పట్టిన సంగతి గుర్తున్నవాళ్లు ఇదీ అదేనన్నారు. నాకు అసలు జ్వరమే రాలేదు. మొదట చూపించుకున్న డాక్టరు చేతులు పట్టుకుని కూడా చూడకుండా "కీళ్ల అరుగుదల, నలభై దాటాయి కదా" అని నొప్పి మాత్రలు రాశారు. వాటితో నొప్పి తగ్గింది, కడుపులో మంట మొదలైంది, వాపు ఎక్కడిదక్కడే ఉంది.

నాకు మాత్రం ఒక లెక్క కుదరలేదు. డప్పు వల్ల అరిగితే ఎడమచెయ్యే ఎక్కువ పాడవ్వాలి. రెండు చేతులూ సమానంగా, అవే కణుపుల దగ్గర వాచాయి. ఏనాడూ పుల్ల పట్టని కాలివేళ్ల మొదళ్లు కూడా నొప్పి పెడుతున్నాయి.

కీళ్లవాతం చూసే డాక్టరమ్మ దగ్గర ఇదే చెప్పాను. ఆమె నా చెయ్యి తీసుకుని పిడికిలి కణుపులను రెండు పక్కల నుంచి మెల్లగా అదిమారు. కుర్చీలోంచి లేచినంత పని చేశాను. గోళ్ల దగ్గరి కణుపులు మాత్రం ఎంత నొక్కినా నొప్పి లేదు. అరుగుదల అయితే తరచూ అక్కడే గట్టిపడుతుందట, పొద్దుటి బిగుతు అరగంటలోపే వదులుతుందట. రక్తపరీక్షల్లో ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ ఎక్కువగా వచ్చాయి, ఈ జబ్బును పట్టిచ్చే యాంటీ సీసీపీ పాజిటివ్. రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన రోగనిరోధక శక్తే కీలు లోపలి పొర మీద పడి వాచేలా చేస్తుంది, వదిలేస్తే ఎముకను తినేస్తుంది. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

"డప్పు మానెయ్యాలా?" అని అడిగాను. "వాపు ఉన్నన్నాళ్లు ఆపండి, తగ్గాక వాయించండి. డప్పుతో వచ్చింది కాదు, మానితే పోయేదీ కాదు" అన్నారు. వెంట వచ్చిన అత్తమ్మకు వినబడేలా ఆ మాట ఇంకోసారి చెప్పించాను.

మందు పేరు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వంటింటి క్యాలెండర్‌లో శనివారాలన్నిటికీ ఎర్రసిరాతో సున్నా చుట్టాను. ఆ మందు ఇబ్బందులు తగ్గించే ఫోలిక్ యాసిడ్ విటమిన్ మాత్ర వేరే రోజున. పని మొదలుపెట్టడానికి 6 నుంచి 12 వారాలు పడుతుందని ముందే చెప్పారు. ఈలోగా ఊతంగా కొద్ది మోతాదు స్టెరాయిడ్ ఇచ్చి, మెల్లగా తగ్గించి ఆపేశారు. కాలేయానికీ రక్తకణాలకూ మధ్యమధ్య పరీక్షలు తప్పవు. శనివారం మాత్ర వల్ల ఆదివారం పొద్దున తాలింపు వాసన పడేది కాదు, కాబట్టి ఆ రోజు వంట మా ఆయన చేతికి వెళ్లింది. ఆయన మటన్ ఇంత బాగా వండుతారని ఇన్నేళ్లకు బయటపడింది, అదీ నాకు తినబుద్ధి కాని రోజుల్లో.

ఫలానా రోజున తగ్గింది అని చెప్పలేను. ఒక పొద్దున నెయ్యి సీసా మూత నేనే తీశానని తీసిన తర్వాత గుర్తించాను. ఆ వారమే అటక మీది డప్పు దించాను. చిటికెన పుల్ల మొదలుకు పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బొటనవేలంత లావు చేశాను. పట్టు లావైతే వేళ్లు అంతగా బిగించనక్కర్లేదు. డప్పు బరువంతా భుజం మీద పడేలా వెడల్పాటి గుడ్డపట్టీ కుట్టించాను. వానాకాలంలో మేకతోలు డప్పును గడ్డిమంట మీద కాస్తే బిగుస్తుంది, నా వేళ్లు వేడినీళ్లలో పెడితే వదులవుతాయి. ఈ రెండు పనులూ ఒకే పొద్దున చేసే ఓపిక లేక తేలికపాటి ఫైబర్ డప్పు కొన్నాను. బాబాయి దాన్ని ఒకసారి మోగించి, "ఇది డప్పు కాదు బిడ్డా, బకెట్" అన్నాడు. శబ్దంలో ఆయన మాట నిజమే. బరువులో నా మాట నిజం.

వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు నెమ్మది దరువులకే నిలబడ్డాను. వేగం పెరిగినప్పుడు పుల్లలు పక్కమ్మాయికి ఇచ్చేశాను. జబ్బు పోలేదు, అదుపులో ఉంది. చలికాలంలో ఇప్పటికీ కొన్ని పొద్దులు మొండికేస్తాయి.

నా చేతులు చూసి బాబాయి ఈ మధ్య, "ఆ మాత్రలు నాకూ రెండు ఇవ్వు బిడ్డా, మోకాళ్లు లేవనిస్తలేవు" అన్నాడు. ఆయనది అసలైన అరుగుదల, ఎక్స్‌రే కూడా ఉంది. నా మందు ఆయనకు పనికిరాదని గంటసేపు చెప్పి, మాత్రల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు కుర్చీలో కూర్చుని కాలు చాపి పైకెత్తే వ్యాయామం చేస్తున్నాడు. అంకెలు లెక్కపెట్టమంటే కుదరదట, తొడ మీద దరువేస్తూ ఆ దరువు పూర్తయ్యేదాకా కాలు దించడు.