ముందు చివరి పాదం

మన బడి గురించి రాయమంటే చాలామంది క్రమశిక్షణ, ప్రార్థన అంటూ మొదలుపెడతారు. ఆ రెంటి మీదా నాకు పెద్ద మమకారం లేదు. ప్రార్థనలో ఎండకు కళ్లు తిరిగి పడినవాళ్ల గురించి ఎవరూ రాయరు కదా! నాకు పనికొచ్చింది శనివారం చివరి పీరియడు.

చెన్నైలో తెలుగు మాధ్యమం పిల్లలం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, నోట్లో రెండూ. మన తెలుగు మాస్టారు ఆ పీరియడును ఆశువుకు కేటాయించారు. చీటీ తీసి, అందులోని మాట మీద రెండు నిమిషాలు మాట్లాడాలి. ఆలోచించుకోవడానికి గడువు బెంచీ నుంచి నల్లబల్ల దాకా నడిచేంత. వెనక బెంచీలవాళ్లం ఎంత మెల్లగా నడిచేవాళ్లమో నా తోటివారికి గుర్తుండే ఉంటుంది.

మాస్టారికి అవధానాలంటే ప్రాణం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాన్ని జనంలోకి తెచ్చిన తీరు చెప్పడం మొదలుపెడితే గంట కొట్టినా ఆగేవారు కాదు. మాకు పద్యాలు రావు కాబట్టి అష్టావధానంలోని ఎనిమిది అంశాల్లో మూడింటిని మాకు తగ్గట్టు మార్చారు. నిషిద్ధాక్షరిలో పద్యం చెప్పే అవధాని ఏ అక్షరం వాడకూడదో చెబుతూ, ప్రశ్న వేసే పృచ్ఛకుడు అడ్డుపడుతూ ఉంటాడు. మాకు అక్షరాల బదులు మాటలు నిషిద్ధం: "నాకు అంతగా తెలియదు గానీ", "టైము లేక తయారు కాలేదు" అంటూ ఎవరూ మొదలుపెట్టకూడదు. రెండోది సమస్య. అందులో సాధారణంగా చివరి పాదమే ఇస్తారు. పైకి అది పొంతన లేకుండా ఉంటుంది. కవి పై మూడు పాదాలూ అల్లి దాన్ని సబబు చేస్తాడు. "ఎక్కడ ఆగాలో తేల్చుకున్నాకే నోరు తెరవండిరా" అనేవారు మాస్టారు. మూడోది అప్రస్తుత ప్రసంగం: మధ్యలో ఒకడు లేచి "మీ ఇంట్లో ఈరోజు ఏం కూర?" అని అడుగుతాడు. వాడికి జవాబిచ్చి, వదిలిన చోటే మాట అందుకోవాలి. ఆ అడిగే పనికి మా తరగతిలో పోటీ ఎక్కువ.

2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్నాం. ఆ ఏడాది చివర్లో, గిండీలో నేను పనిచేసే సంస్థకు ఉత్తరాది నుంచి మున్సిపల్ ఇంజినీర్ల బృందం వచ్చింది. చెన్నైకి కాలువలో వచ్చే కృష్ణా నీటి మీద మా సీనియర్ గారు మాట్లాడాలి. ఇంట్లో అత్యవసరం వచ్చి ఆయన ఆసుపత్రికి వెళ్లారు, స్లయిడ్లున్న ల్యాప్‌టాప్ ఆయనతోనే వెళ్లింది. "నువ్వే చెప్పేయి" అని ఫోను. నా చేతిలో ఉన్నది ఇరవై నిమిషాలు.

పక్క సీట్లవాళ్లు ఇంటర్నెట్‌లో బొమ్మలు వెతికిపెడతామన్నారు. గడువు తక్కువైనప్పుడు సరుకు పోగేయడం మొదలుపెడితే గడువంతా దానికే పోతుంది. నేను కాగితం మీద ఒక్క వాక్యం రాసుకున్నాను: "చెన్నైకి ఎంత నీరిచ్చారన్నది శ్రీశైలంలో కాదు, సరిహద్దు దగ్గర కొలవాలి." అదే నా చివరి పాదం. ఇక మూడు పాదాలు కావాలి: ఎవరిచ్చారు, ఎలా వస్తుంది, ఎక్కడ పోతుంది.

బోర్డు మీద పైనుంచి కిందికి నీళ్లు వచ్చే దారిగా ఒక గీత గీశాను. శ్రీశైలం, పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, పెన్నా మీది సోమశిల, ఆపైన కండలేరు. అక్కడి నుంచి తమిళనాడు సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల కాలువ, తర్వాత పూండి జలాశయం. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తామని 1976లో ఒప్పుకున్నాయి. ఆంధ్ర, తమిళనాడుల ఒప్పందం 1983లో జరిగింది. దారిలో ఆవిరికీ ఇంకుడుకూ 3 తీసేస్తే సరిహద్దులో అందాల్సింది 12. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. మొదటిసారి నీళ్లు వచ్చింది 1996లో. కాలువ గట్లు దెబ్బతిని నీరు దారిలోనే ఇంకిపోతుంటే సత్యసాయి ట్రస్టు మరమ్మతు చేయించింది. ఇవన్నీ రోజూ ఫైళ్లలో చూసేవే కాబట్టి అంకెలు నోటికొచ్చాయి. గుర్తులేని ఒకటి రెండింటిని బోర్డు మూలన రాసి, సాయంత్రానికి పంపుతానన్నాను.

గీత కండలేరు దాటుతుండగా ఒక పెద్దాయన చెయ్యెత్తారు. "ఇక్కడికి తిరుపతి దగ్గరేనా? దర్శనానికి ఎంతసేపు పడుతుంది?"

నాకు నవ్వాగలేదు. మా తరగతిలో అయితే ఆయనకు ఎదురుండేది కాదు. "ఊత్తుకోట, నాగలాపురం మీదుగా వెళ్లండి సార్. దర్శనం సంగతి స్వామి దయ. ఆ ఊత్తుకోట దగ్గరే సరిహద్దు, నీళ్లు కొలిచే జీరో పాయింటు ఉన్నదీ అక్కడే" అని గీతను అక్కడికి లాగాను. చాలా ఏళ్లు ఆ 12 టీఎంసీలూ పూర్తిగా రాలేదని చెప్పి, కాగితం మీది వాక్యంతో ఆపేశాను.

మర్నాడు సీనియర్ గారు ఆ గీతనంతా స్లయిడ్లుగా చేసిపెట్టమన్నారు. రంగులు, బాణాలు, ఆయన దిద్దుబాట్లు కలిపి వారం పైనే పట్టింది. ఇంజినీర్లు మాత్రం అప్పటికే తిరుపతి వెళ్లిపోయారు, ఊత్తుకోట మీదుగానే.